యూజర్ల సున్నితమైన డేటా బయటి క్లౌడ్‌లో పెడుతున్నాం: "ఎన్‌క్రిప్షన్ ఎట్ రెస్ట్" ఆన్ చేస్తే సరిపోతుందా?

కొత్తకొమ్మ

యాప్‌లో సుమారు 40 వేల మంది యూజర్లు. పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, గుర్తింపు కార్డు ఫోటో, డాక్టర్ రిపోర్టుల పీడీఎఫ్‌లు ఉంటాయి. సొంత సర్వర్ మానేసి బయటి క్లౌడ్ వాళ్ల మేనేజ్డ్ పోస్ట్‌గ్రెస్ (వాళ్లే నడిపే డేటాబేస్), ఆబ్జెక్ట్ స్టోరేజ్ (ఫైళ్లు దాచే చోటు)లోకి మారుస్తున్నాం. "డేటా అంతా ఏఈఎస్-256తో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది" అని వాళ్ల పేజీలో ఉంది (డిస్కు మీద ఉన్న డేటాని ఏఈఎస్ అనే ప్రామాణిక పద్ధతితో, కీ లేనిదే చదవలేని రూపంలో ఉంచడం; "ఎన్‌క్రిప్షన్ ఎట్ రెస్ట్" అంటే ఇదే). టీమ్‌లో సగం మంది ఇక మనం చేయాల్సిందేమీ లేదంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. యాప్‌లో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయాలా? చేస్తే కీ ఎక్కడ పెట్టాలి? ఫోన్ నంబరుతో వెతకడం ఎలా?

నిప్పుగోడ

చాలదు. డిస్కు దొంగతనానికి మాత్రమే అది మందు. డేటా సెంటర్‌లోంచి ఎవరో హార్డ్ డిస్కు పీక్కుపోయినా, పాత డిస్కు తుడవకుండా పారేసినా మీ డేటా భద్రం. డేటాబేస్ పాస్‌వర్డు చేజిక్కించుకున్నవాడికి మాత్రం అది అడ్డే కాదు. మీ యాప్ ఎలా చదువుతుందో వాడూ అలాగే చదువుతాడు.

సర్వర్‌సుబ్బు

నిజమే కానీ, అక్కణ్ణుంచి "అయితే అన్నీ మనమే ఎన్‌క్రిప్ట్ చేసేద్దాం" అనే చోటికి దూకకండి. కీ పోగొట్టుకుంటే సొంత డేటాను మీరే చదవలేరు, క్లౌడ్ వాళ్లూ ఏమీ చేయలేరు. ముందు బకెట్ (ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో ఫైళ్లుండే పెట్టె) పబ్లిక్‌గా లేదని చూసుకోండి. డేటాబేస్‌ను ఇంటర్నెట్‌కి కనపడకుండా ప్రైవేటు నెట్‌వర్కులో పెట్టండి. క్లౌడ్ అడ్మిన్ ఖాతాలన్నిటికీ హార్డ్‌వేర్ కీతో రెండో అంచె లాగిన్ పెట్టండి. కోడ్‌లో, కాన్ఫిగ్ ఫైళ్లలో ఉన్న శాశ్వత యాక్సెస్ కీలు తీసేయండి. ఈ నాలుగూ వదిలేసి ఫీల్డు ఎన్‌క్రిప్షన్ (ఫోన్ నంబరు లాంటి ఒక్కో విలువనీ యాప్‌లో విడిగా ఎన్‌క్రిప్ట్ చేయడం) మొదలుపెడితే, వీధి తలుపు తీసి ఉంచి బీరువాకు తాళం వేసినట్టే.

గుప్తలేఖ

వీధి తలుపు ఏదో ఒక రోజు తీసి ఉంటుందనే కదా సుబ్బు గారూ, బీరువాకు తాళం వేసేది.

2019 క్యాపిటల్ వన్ బ్యాంకు ఉదంతం దీనికి సరిగ్గా సరిపోతుంది. ఫైర్‌వాల్ సెట్టింగులో తప్పు ఉంది. బయటి వ్యక్తి దాని చేతే 169.254.169.254 అనే మెటాడేటా చిరునామాను (క్లౌడ్ సర్వర్ తన సొంత వివరాలు తెలుసుకునే లోపలి చిరునామా) అడిగించి, ఆ సర్వర్‌కి ఉన్న రోల్ (దానికి ఇచ్చిన హక్కుల మూట) తాలూకు తాత్కాలిక క్రెడెన్షియల్స్ (లాగిన్ వివరాలు) పట్టుకున్నారు. ఆ రోల్‌కి బకెట్లు చదివే హక్కు ఉంది. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు పోయాయి. డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంది, అయినా ఆ దారిన వచ్చినవారికి డీక్రిప్ట్ అయి అందింది. కాపాడమని పెట్టిన ఫైర్‌వాలే దారి ఇచ్చింది, కంచే చేను మేసినట్టు. టోకెన్లుగా (అసలు విలువ బదులు పెట్టే అర్థం లేని మారు విలువలు) మార్చి పెట్టిన ఫీల్డులు మాత్రం చాలావరకు బయటపడలేదు. మీ టీమ్‌కి చూపించాల్సింది ఈ ఒక్క తేడానే: స్టోరేజ్ అంచెలో ఎన్‌క్రిప్షన్ ఓడింది, ఫీల్డు అంచెలో వేసింది నిలిచింది.

కాబట్టి "ఎన్‌క్రిప్ట్ అయి ఉందా?" అని అడక్కండి. "డీక్రిప్ట్ చేయమని ఎవరు అడగగలరు, ఒక్కసారి అడిగితే ఎంత తెరుచుకుంటుంది?" అని అడగండి.

చేసే పద్ధతి ఎన్వలప్ ఎన్‌క్రిప్షన్. క్లౌడ్ వాళ్ల కేఎంఎస్ (కీలను దాచి నడిపే సర్వీసు)లో ఒక మాస్టర్ కీ పెడతారు, అది అక్కణ్ణుంచి బయటికి రాదు. ఒక్కో యూజర్‌కి వేరే 32 బైట్ల డేటా కీ పుట్టిస్తారు. ఆ డేటా కీతో మీ యాప్‌లోనే ఫీల్డులు ఎన్‌క్రిప్ట్ చేస్తారు. డేటా కీని మాస్టర్ కీతో చుట్టి (అంటే ఎన్‌క్రిప్ట్ చేసి), చుట్టిన రూపాన్నే దాస్తారు. విప్పి ఉన్న డేటా కీ మెమరీలో తప్ప ఎక్కడా ఉండకూడదు. డేటానే నేరుగా కేఎంఎస్‌కి పంపుదామనుకుంటే కుదరదు, ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కేఎంఎస్ సిమెట్రిక్ కీతో (ఎన్‌క్రిప్ట్, డీక్రిప్ట్ రెండిటికీ ఒకటే కీ) ఒక్కసారికి 4,096 బైట్లకు మించి తీసుకోదు.

కొత్తకొమ్మ

యూజర్‌కో కీ అంటే 40 వేల కీలు. టేబుల్ మొత్తానికి ఒక్కటి చాలదా?

గుప్తలేఖ

చుట్టిన కీ ఒక్కోటి 200 బైట్లు అనుకున్నా 40 వేలకి 8 మెగాబైట్లే. అసలు లాభం వేరే చోట ఉంది. టేబుల్‌కి ఒక్క కీ అయితే ఒక్క డీక్రిప్ట్ పిలుపుతో టేబులంతా తెరుచుకుంటుంది, కేఎంఎస్ లాగ్‌లో ఒక్క గీతే కనిపిస్తుంది. యూజర్‌కో కీ అయితే మొత్తం దోచాలన్నా 40 వేల పిలుపులు కావాలి. మామూలు రోజుల్లో గంటకి 300 పిలుపులుంటే 1,000 దాటగానే మోగేలా అలారం పెట్టుకోవచ్చు. దొంగ సగంలో ఉండగానే తెలుస్తుంది.

బైట్‌రాజు

గుప్తలేఖ గారు చెప్పినదానికి కింది అంచె వివరాలు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

సొంతంగా ఏదీ కనిపెట్టకండి, ఏఈఎస్-256-జీసీఎం (ఎన్‌క్రిప్ట్ చేయడంతో పాటు, డేటాని ఎవరైనా మారిస్తే పట్టించే ట్యాగ్ కూడా ఇచ్చే పద్ధతి) తీసుకోండి. ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రతిసారీ కొత్త 12 బైట్ల నాన్స్ (ఒక్కసారే వాడే విలువ) కావాలి. ఒకే కీ కింద ఒకే నాన్స్ రెండుసార్లు వాడారంటే రెండు సందేశాల మధ్య సంబంధం బయటపడుతుంది, పైగా నకిలీ ట్యాగులు తయారుచేసే దారి దొరుకుతుంది. యాదృచ్ఛిక నాన్స్ వాడితే ఒక్కో కీతో 2 పవర్ 32 సార్లు, అంటే సుమారు 429 కోట్ల సార్లు దాటకూడదని నిస్ట్ (అమెరికా ప్రమాణాల సంస్థ) పత్రం 800-38డి చెబుతోంది. యూజర్‌కో కీ ఉంటే దాని దరిదాపుల్లోకి కూడా వెళ్లరు.

అదనపు డేటా అని ఒక ఇన్‌పుట్ ఉంటుంది, చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అందులో యూజర్ ఐడీ, కాలమ్ పేరు కలిపి ఇవ్వండి. లేకపోతే డేటాబేస్‌లో రాసే హక్కు ఉన్నవాడు ఒకే కీ కింద ఉన్న రెండు కాలమ్‌ల విలువలు అటూ ఇటూ మార్చేసినా డీక్రిప్షన్ మారుమాట్లాడకుండా ఒప్పుకుంటుంది. ఇస్తే ట్యాగ్ సరిపోక అక్కడే ఆగిపోతుంది.

కాలమ్ కొలత కూడా చూసుకోండి. 10 అంకెల ఫోన్ నంబరు 10 బైట్లు, నాన్స్ 12, ట్యాగ్ 16, ముందు ఒక వెర్షన్ బైటు: మొత్తం 39. బేస్64లో (బైట్లని మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) 52 అక్షరాలు. పాత 15 అక్షరాల కాలమ్‌లో పట్టదు. బైనరీ కాలమ్‌గా మార్చేస్తే బేస్64 గొడవే ఉండదు.

పాతడిస్కు

ఇంత పని యాప్‌లో ఎందుకు? పోస్ట్‌గ్రెస్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసే పీజీక్రిప్టో ఉంది కదా. ఒక్క ఫంక్షన్ పిలిస్తే అయిపోతుంది.

నిప్పుగోడ

పీజీక్రిప్టో నడిచేది డేటాబేస్ సర్వర్ లోపల. అంటే కీ, అసలు విలువ రెండూ ఎస్‌క్యూఎల్ క్వెరీతో (డేటాబేస్‌కి పంపే ఆదేశంతో) పాటు అక్కడికే వెళ్తాయి. నెమ్మదిగా నడిచిన క్వెరీలను లాగ్ చేసే సెట్టింగు ఆన్‌లో ఉంటే కీ లాగ్‌లో అచ్చవుతుంది. నడుస్తున్న క్వెరీల జాబితాలోనూ కనబడుతుంది. ఎవరి నుంచి దాచాలనుకున్నామో వాళ్ల చేతికే తాళాలు ఇచ్చినట్టు.

పాతడిస్కు

లాగ్ సంగతి తట్టలేదు. ఒప్పుకుంటున్నా.

కొత్తకొమ్మ

ఫోన్ నంబరు వెతుకులాట? షా-256 హ్యాష్ (నంబరు నుంచి లెక్కించే, నేరుగా వెనక్కి తిప్పలేని ముద్ర) పక్క కాలమ్‌లో పెడదామని ఒక ఆలోచన.

బైట్‌రాజు

వద్దు. 10 అంకెల నంబర్లు మొత్తం కలిపితే వెయ్యి కోట్లు. ఒక్క మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకి కొన్ని వందల కోట్ల షా-256లు లెక్కిస్తుంది. అంటే కొన్ని సెకన్లలో నంబర్లన్నీ బయటికొస్తాయి. రో రోకీ వేరే సాల్ట్ (హ్యాష్ చేసే ముందు చేర్చే అదనపు విలువ) కలిపితే వెతకలేరు, అందరికీ ఒకే సాల్ట్ అయితే అదీ డేటాబేస్‌తో పాటే పోతుంది.

కావలసింది హెచ్‌మ్యాక్-షా-256 (రహస్య కీ కలిపి లెక్కించే హ్యాష్), దానికి 32 బైట్ల రహస్య కీ. ఆ కీ డేటాబేస్‌లో కాదు, సీక్రెట్స్ మేనేజర్‌లో (పాస్‌వర్డులు, కీలు దాచే సర్వీసు) ఉండాలి. ఎన్‌క్రిప్షన్‌కి వాడే కీని దీనికి వాడకూడదు. హెచ్‌మ్యాక్ చేసే ముందు నంబరును ఒకే రూపానికి తేవాలి: దేశం కోడు, ఖాళీలు, గీతలు, ముందున్న సున్నా అన్నీ ఒకే నియమం ప్రకారం. ఈ ఒక్కటి మరిస్తే ఒకే మనిషికి రెండు ఖాతాలు తెరుచుకుంటాయి, యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువని రెండుసార్లు రానివ్వని డేటాబేస్ నియమం) ఉన్నా పట్టుకోలేదు.

లాగ్‌లక్ష్మి

పుట్టిన తేదీకి మాత్రం ఇలా ఇండెక్స్ పెట్టకండి. 100 ఏళ్లకి 36,525 తేదీలే. ఒకే తేదీకి ఒకే హెచ్‌మ్యాక్ వస్తుంది కాబట్టి, ఒక్కరి పుట్టినరోజు తెలిసినా అదే విలువ ఉన్నవాళ్లందరిదీ తెలిసినట్టే. అసలు మీకు తేదీ దేనికి? 18 దాటిందా లేదా అనేదే కావాలంటే ఆ జవాబొక్కటే దాచండి.

సర్వర్‌సుబ్బు

> అసలు మీకు తేదీ దేనికి?

లక్ష్మి గారు అసలు చోట పట్టుకున్నారు. నా ప్రశ్న గుర్తింపు కార్డు ఫోటో గురించి. సరిచూడటం అయ్యాక ఆ ఫోటోతో పనేముంది? సరిచూసిన తేదీ, కార్డు రకం, చివరి 4 అంకెలు, ఫలితం ఉంచుకుని ఫోటో తీసేయండి. చట్టం ఉంచమంటే ఆ గడువు వరకే, వేరే బకెట్‌లో, వేరే రోల్‌తో. దగ్గర లేని ఫైలుకి కీ అక్కర్లేదు, బ్యాకప్ అక్కర్లేదు, అలారం అక్కర్లేదు. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్‌లో ఇదే సూత్రం ఉంది: చెల్లింపు ఆమోదం అయ్యాక సీవీవీని ఎన్‌క్రిప్ట్ చేసి కూడా దాచకూడదు.

గుప్తలేఖ

ఈ విషయంలో సుబ్బు గారితో నూటికి నూరు పాళ్లూ ఏకీభవిస్తాను.

మేఘమాల_42

డాక్టర్ రిపోర్టుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫైళ్లలో జారిపోయే చోట్లు వేరేగా ఉంటాయి.

ఫైలు పేరులో మనిషి పేరు, జబ్బు పేరు పెట్టకండి. ఎస్3లో (ఏడబ్ల్యూఎస్ ఆబ్జెక్ట్ స్టోరేజ్) సర్వర్ వైపు ఎన్‌క్రిప్షన్ ఫైలు లోపలి డేటాకే వర్తిస్తుంది, పక్కనున్న మెటాడేటాకి (ఫైలు గురించిన వివరాలకి) కాదు. పేర్లు యాక్సెస్ లాగుల్లోనూ పడతాయి. పేరుకి యాదృచ్ఛిక యూయూఐడీ (పొడవైన గుర్తింపు కోడు) వాడండి, అసలు పేరు ఎన్‌క్రిప్ట్ చేసి డేటాబేస్‌లో ఉంచండి. 2022లో పాస్‌వర్డులు దాచిపెట్టే సర్వీసు లాస్ట్‌పాస్ క్లౌడ్ బ్యాకప్‌లు పోయినప్పుడు పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ అయే ఉన్నాయి, వెబ్‌సైట్ చిరునామాలు మాత్రం మామూలుగా ఉన్నాయి. ఎవరికి ఎక్కడెక్కడ ఖాతాలున్నాయో తెలియడానికి అవి చాలు.

ఫైలుకో డేటా కీ పెట్టుకుంటే ఇంకో సౌకర్యం. అప్‌లోడ్ తీసుకునే సర్వీసుకి కొత్త డేటా కీ పుట్టించే అనుమతి ఇస్తే చాలు, డీక్రిప్ట్ అనుమతి అక్కర్లేదు. దాన్ని ఎవరైనా లోబరుచుకున్నా పాత రిపోర్టులు తెరవలేరు. చూపించే సర్వీసు వేరు, దానికే డీక్రిప్ట్.

యాప్‌లో ఎన్‌క్రిప్ట్ చేయని మామూలు ఫైళ్లకి సంతకం చేసిన లింకులు (కొంతసేపే పనిచేసే తాత్కాలిక లింకులు) ఇస్తే గడువు 5 నిమిషాలు చాలు. ఎస్3లో గరిష్ఠంగా 7 రోజుల దాకా ఇవ్వచ్చు కాబట్టి కొందరు అదే పెట్టేస్తారు. ఆ లింకు ఎవరికి ఫార్వర్డ్ అయితే వాళ్లకి లాగిన్ లేకుండా తెరుచుకుంటుంది.

యూజర్ "తీసేయండి" అన్నాక నిజంగా పోయిందో లేదో కూడా చూడాలి. వెర్షనింగ్ (ఫైలు పాత ప్రతులు ఉంచే సెట్టింగు) ఆన్‌లో ఉంటే డిలీట్ అంటే పైన ఒక గుర్తు పెట్టడమే, పాత వెర్షన్ కిందే ఉంటుంది. పాత వెర్షన్లను ఇన్ని రోజుల తర్వాత తీసేయమని లైఫ్‌సైకిల్ నియమం పెట్టాలి. సగంలో తెగిపోయిన మల్టీపార్ట్ అప్‌లోడ్ (పెద్ద ఫైలుని భాగాలుగా పంపడం) ముక్కలు మామూలు జాబితాలో కనిపించవు, వాటికీ వేరే నియమం కావాలి.

తాళంచెవి

యూజర్‌కో కీ ఉంటే డిలీట్ ఇంకా తేలిక. ఆ యూజర్ డేటా కీ చెరిపేస్తే చాలు, బ్యాకప్‌లలో ఉన్నది కూడా చదవలేని చెత్త అయిపోతుంది.

నిప్పుగోడ

ఆ చుట్టిన కీ ఉన్న టేబుల్ కూడా అదే బ్యాకప్‌లో ఉంటే? బ్యాకప్ తిరగేస్తే కీ తిరిగొస్తుంది, మాస్టర్ కీ అలాగే ఉంది, డేటా తెరుచుకుంటుంది. పేరుకే చెరిపినట్టు.

తాళంచెవి

సరైన పాయింటు. అందుకే కీల టేబుల్ వేరే డేటాబేస్‌లో ఉండాలి, దాని బ్యాకప్ గడువు చిన్నదిగా ఉండాలి. డేటా బ్యాకప్ 90 రోజులుంటే కీల బ్యాకప్ 7 రోజులు. అప్పుడు కీ చెరిపిన 8వ రోజుకి 90 రోజుల బ్యాకప్ కూడా ఆ యూజర్ విషయంలో మూగదవుతుంది. మెమరీలో క్యాష్ చేసిన (తాత్కాలికంగా ఉంచుకున్న) కీలకీ గడువు పెట్టండి, 5 నిమిషాలు చాలు.

సర్వర్‌సుబ్బు

కీల బ్యాకప్ 7 రోజులే అంటే, 10వ రోజున కీల టేబుల్ పాడైందని గమనిస్తే 40 వేల మంది డేటా పోయినట్టే. నేను మొదట భయపడింది దీనికే.

తాళంచెవి

ఆ భయం ఉండాల్సిందే. మందు బ్యాకప్ గడువు పెంచడం కాదు, పాడైన సంగతి 10వ రోజు దాకా తెలియని స్థితి లేకుండా చేయడం. రోజూ కొన్ని వందల మంది కీలు తీసి, ఒక్కో ఫీల్డు డీక్రిప్ట్ అవుతోందో లేదో చూసే పని పెట్టండి. కీల వరుసల సంఖ్య యూజర్ల సంఖ్యతో సరిపోతోందా అని కూడా. ఒక్కటి తప్పినా అదే రోజు కబురు రావాలి.

మాస్టర్ కీ చెరిపే హక్కు రోజువారీ అడ్మిన్లకి ఉండకూడదు. ఏడబ్ల్యూఎస్‌లో డిలీట్ కొట్టినా 7 నుంచి 30 రోజుల నిరీక్షణ ఉంటుంది, ఈలోగా రద్దు చేసుకోవచ్చు. ఆ గడువు 30కే ఉంచి, ఎవరైనా డిలీట్ నొక్కగానే మెసేజ్ వచ్చేలా చేయండి.

ఏటా కీ తిప్పుతున్నాం (పాతది ఆపి కొత్తది వాడుతున్నాం) కాబట్టి ఫర్వాలేదనుకునే వాళ్లుంటారు. మాస్టర్ కీ ఆటోమేటిక్‌గా తిరిగినా పాత డేటా మళ్లీ ఎన్‌క్రిప్ట్ అవదు. డేటా కీ ఒకసారి బయటపడితే దాని కిందున్నదంతా కొత్త డేటా కీతో మీరే తిరగరాయాలి.

కొత్తకొమ్మ

పేరుకు తగ్గ సలహా తాళంచెవి గారూ. మామూలు డేటా బ్యాకప్‌లు అదే క్లౌడ్ ఖాతాలో ఉంచచ్చా?

మేఘమాల_42

వద్దు. 2014లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్ చేజిక్కించుకున్నవాళ్లు సర్వర్లతో పాటు బ్యాకప్‌లూ చెరిపేశారు. సంస్థే మూతపడింది. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ డేటా సెంటర్ తగలబడినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లకి తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఖాతా వేరు, ఊరు వేరు ఉండాలి. కొత్తది రాయగలిగి పాతది చెరపలేని హక్కులే ఇవ్వాలి. పంపే ముందు మీ వైపే ఎన్‌క్రిప్ట్ చేయాలి, రెస్టిక్ అనే బ్యాకప్ టూల్ ఎలాగూ చేస్తుంది. కంప్రెస్ చేయడం ఎన్‌క్రిప్షన్‌కి ముందు. తర్వాత చేస్తే సైజు తగ్గదు.

లాగ్‌లక్ష్మి

ఇంత చేసి లాగుల్లో వదిలేస్తారు. ఎర్రర్ ట్రాకర్లు క్రాష్ అయిన చోట ఉన్న వేరియబుల్స్ కూడా పట్టుకెళ్తాయి, అప్పటికి డీక్రిప్ట్ అయిన ఫోన్ నంబరు అందులో ఉంటుంది. ఆ ట్రాకర్ మీ క్లౌడ్ కాదు, ఇంకో కంపెనీది. "ఫలానా ఫీల్డులు పంపవద్దు" అనే జాబితా పెడితే రేపు కొత్త ఫీల్డు చేరినప్పుడు జారిపోతుంది. "ఇవి మాత్రమే పంపు" అని పెట్టండి.

పరీక్షించే పద్ధతి ఇది. ఎక్కడా ఉండని పేరు, నంబరు ఉన్న ఒక ఉత్తుత్తి యూజర్‌ని సృష్టించండి. సైన్ అప్, పాస్‌వర్డు మర్చిపోవడం, రిపోర్టు అప్‌లోడ్, కావాలని ఒక ఎర్రర్, ఖాతా డిలీట్ అన్నీ చేయించండి. తర్వాత ఆ పేరు, నంబరు కోసం లాగులు, క్యూలు, క్యాష్, అనలిటిక్స్, ఎర్రర్ ట్రాకర్, తాత్కాలిక ఫోల్డర్లు అన్నిట్లో వెతకండి. దొరికిన ప్రతి చోటూ ఒక లీకే. ప్రతి రిలీజ్ ముందూ ఇది నడిపించండి.

పాతడిస్కు

మన కీ మనమే తెచ్చి క్లౌడ్‌లో పెట్టే పద్ధతి ఉంది కదా. అప్పుడు క్లౌడ్ వాళ్లు కూడా చూడలేరా?

గుప్తలేఖ

ఆ కీ చివరికి ఉండేది వాళ్ల హార్డ్‌వేర్‌లోనే, వాడేది వాళ్ల సర్వీసే. మీ దగ్గర ప్రతి ఉండటం, కావాలంటే వెనక్కి తీసుకోగలగడం లాభాలు. వాళ్లకే కనపడకూడదంటే యూజర్ ఫోన్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసి పంపాలి, అప్పుడు సర్వర్ ఆ డేటాతో ఏ పనీ చేయలేదు. మీ యాప్ అదే క్లౌడ్‌లో నడుస్తూ డీక్రిప్ట్ చేస్తున్నంత కాలం అసలు విలువ వాళ్ల మెషీన్ మెమరీలో ఉంటుంది. ఆ మేరకు వాళ్లని నమ్మాల్సిందే. అందుకే ఒప్పందం చదవండి: వాళ్ల కింద ఇంకెవరు డేటా తాకుతారు, చొరబాటు జరిగితే ఎన్ని గంటల్లో చెబుతారు, మానేశాక ఎన్ని రోజుల్లో చెరుపుతారు. అంకెలు లేని చోట అంకెలు రాయించుకోండి.

కొత్తకొమ్మ

ఇప్పటికే మామూలుగా ఉన్న 40 వేల వరుసలని ఆపకుండా ఎలా మార్చాలి?

బైట్‌రాజు

ముందు కొత్త ఎన్‌క్రిప్టెడ్ కాలమ్, హెచ్‌మ్యాక్ కాలమ్ చేర్చండి. కొత్తగా రాసేవన్నీ పాత, కొత్త రెండిట్లోనూ పడేలా చేయండి. తర్వాత పాతవాటిని 500 వరుసల చొప్పున మార్చుకుంటూ వెళ్లండి. యూజర్‌కో కేఎంఎస్ పిలుపు ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా తోస్తే పరిమితి తగులుతుంది, మధ్యలో ఆగుతూ నడపండి. మార్చిన ప్రతి వరుసనీ డీక్రిప్ట్ చేసి పాత విలువతో పోల్చండి. అన్నీ సరిపోయాకే చదవడం కొత్త కాలమ్‌కి మార్చండి, ఒక వారం చూసి పాత కాలమ్ తీసేయండి.

ఇల్లు అలకగానే పండగ కాదు. పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్ డ్రాప్ చేస్తే అది కనపడకుండా పోతుందంతే, పాత విలువలు డిస్కు మీద అలాగే ఉంటాయి. టేబుల్ మొత్తం తిరగరాయించాలి. వ్యాక్యూమ్ ఫుల్ అనే ఆదేశం ఆ పని చేస్తుంది, కానీ అది నడిచినంతసేపూ టేబుల్ పూర్తిగా లాక్ అవుతుంది. రద్దీ లేని వేళ చూసుకోండి.

లాగ్‌లక్ష్మి

అంతకు ముందు తీసిన స్నాప్‌షాట్లు, టెస్టింగ్‌కి కాపీ చేసుకున్న డేటాబేస్, ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉన్న డంప్ ఫైలు కూడా ఉంటాయి. మార్చడం మొదలుపెట్టకముందే వాటి జాబితా రాసుకోండి, తర్వాత గుర్తురావు.

కొత్తకొమ్మ

టెస్టింగ్ సర్వర్‌లో అసలు డేటా కాపీయే ఉంది. ముందు దాన్ని చెరుపుతాం. కార్డు ఫోటోలు ఎందుకు ఉంచుతున్నామో టీమ్‌ని రేపే అడుగుతా.

బైట్‌రాజు

ఆ 39 బైట్లలో మొదటి వెర్షన్ బైటు మాత్రం వదలకండి. రేపు అల్గారిథమ్ మారినా, అదనపు డేటా రూపం మారినా, ఏ వరుస ఏ పద్ధతిలో ఉందో చెప్పేది అదొక్కటే.